భస్మ బుధవారానికి ముందే చేసుకోవాల్సిన పనులు

సంపాదకులకు నమస్కారం.

ఏటా భస్మ బుధవారం మర్నాడు నుదుట బూడిదతో ఉన్న విశ్వాసుల ఫొటో, దాని కింద "నలభై రోజుల ఉపవాసాలు ప్రారంభం" అన్న మాట పత్రికల్లో కనిపిస్తాయి. ఆ తర్వాత గుడ్ ఫ్రైడే నాడు సిలువ మోస్తున్న ఫొటో వస్తుంది. ఈ రెండు ఫొటోల మధ్య ఒక మనిషి ఇంట్లో, వంటింట్లో, మనసులో ఏం జరగాలో ఎవరూ రాయరు. 2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10న వస్తుంది, ఈస్టర్ మార్చి 28న. ముందుగా తెలిస్తేనే ఉపయోగపడే సంగతులు కొన్ని ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. బుధవారం నాడు చదివితే సగం పనులకు వేళ మించిపోతుంది.

మొదట లెక్క. ఫిబ్రవరి 10 నుంచి మార్చి 27 శనివారం దాకా వేళ్లు మడిచి లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. మరి నలభై అంటారేమిటని చాలామంది అడుగుతారు. మధ్యలో ఆరు ఆదివారాలున్నాయి. ప్రతి ఆదివారం ప్రభువు పునరుత్థానాన్ని తలుచుకునే రోజు కనుక అది ఉపవాస దినం కాదు. ఆ ఆరూ తీసేస్తే సరిగ్గా నలభై. యేసు అరణ్యంలో ఉపవాసమున్న నలభై దినాలకు గుర్తుగా ఈ లెక్క ఏర్పడింది. 325లో జరిగిన నైసియా మహాసభ తీర్మానాల్లోనే ఈ నలభై దినాల ప్రస్తావన ఉంది. కతోలికులు దీన్ని తపస్సుకాలం అంటారు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), మెథడిస్టు లాంటి ప్రొటెస్టంట్ సంఘాలవాళ్లు శ్రమ దినాలంటారు, లేదా లెంట్ అనేస్తారు. బైబిల్లో ఇలా ఆచరించమని ఆజ్ఞ లేదు కదా అనే సంఘాలు మన హైదరాబాద్ నగరంలో చాలానే ఉన్నాయి. ఆజ్ఞ లేదన్నది నిజమే. పరీక్షకు ముందు చదువుకోమని ప్రశ్నపత్రంలోనూ రాసి ఉండదు.

ఆదివారాల సంగతి తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. "ఈస్టర్ దాకా నీచు ముట్టను" అని మొక్కుకున్నవాళ్లు మొదటి ఆదివారమే చుట్టాలింట్లో చికెన్ తింటారు. మొక్కు తప్పిపోయిందని కుంగిపోయి, సోమవారం నుంచి మొత్తానికే వదిలేస్తారు. మొక్కు పట్టేటప్పుడే ఆదివారాలు అందులో ఉన్నాయా లేవా అని తేల్చుకుని కాగితం మీద రాసుకుంటే ఈ చిక్కు రాదు.

కతోలిక శాసనం అడిగేది చాలామంది అనుకునే దానికంటే తక్కువ. ఒక్కపొద్దు తప్పనిసరి అయిన రోజులు రెండే: భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే. 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 60వ ఏట అడుగుపెట్టేవాళ్ల వరకు ఇది వర్తిస్తుంది. ఒక పూట పూర్తి భోజనం చేయవచ్చు. మిగతా రెండు పూటలా కొద్దిగా తినవచ్చు కానీ, ఆ రెండూ కలిపినా ఆ భోజనమంత కాకూడదు. ఉదయం ఒక ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, పచ్చిపులుసు, రాత్రి ఒక గ్లాసు రాగిజావ అనుకోండి, లెక్క సరిపోతుంది. మంచినీళ్లకు నిషేధం లేదు. ఉపవాస దినం అర్ధరాత్రి మొదలై మరుసటి అర్ధరాత్రి ముగుస్తుంది. గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు మంగళవారం రాత్రి పన్నెండు లోపే షిఫ్టు భోజనం ముగించుకోవాలి. లేకపోతే ఒంటిగంటకు తిన్న బిర్యానీ బుధవారం లెక్కలోకే వస్తుంది.

మాంసం మానడం వేరే నియమం. అది 14 ఏళ్లు నిండిన అందరికీ ఉంటుంది, పెద్ద వయసువాళ్లకు మినహాయింపు లేదు. ఆ రెండు రోజులతో పాటు తపస్సుకాలంలోని ప్రతి శుక్రవారం మాంసం తినకూడదు. చేప, గుడ్డు, పాలు, పెరుగు తినవచ్చు. ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్న పదహారు పదిహేడేళ్ల పిల్లలకు మాంసం మానడమే వర్తిస్తుంది, ఒక్కపొద్దు కాదు. భక్తిగల తల్లులు ఇది గుర్తుంచుకుని ఆ పిల్లలకు వేళకు అన్నం పెట్టాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోగులు, ఎండలో కాయకష్టం చేసేవాళ్లు ఉపవాసం మానితే పాపం అంటదు. 2027లో ఒక విశేషం ఉంది. మార్చి 19 శుక్రవారం పునీత జోజప్పగారి (సెయింట్ జోసెఫ్) మహోత్సవం, అంటే సంఘం పండగల్లో అన్నిటికంటే పెద్ద స్థాయిది. శుక్రవారం నాడు మహోత్సవం పడితే ఆ రోజు మాంసం నిషేధం ఉండదని శాసనంలోనే ఉంది. గన్‌ఫౌండ్రీలోని కెథడ్రల్, అంటే బిషప్‌గారి ప్రధాన గుడి, ఆయన పేరు మీదిదే కనుక ఆ శుక్రవారం నగరంలో మామూలు శుక్రవారంలా ఉండదు.

శాసనం తు.చ. తప్పకుండా పాటించి ఆశయాన్ని పోగొట్టుకోవడం కూడా సులువే. శుక్రవారం చికెన్ మానేసి, రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లి అంతకంటే ఖరీదైన కొరమీను తెచ్చి ఇగురు వండుకుంటే నియమం తప్పినట్టు కాదు. కానీ ఆ రోజు ఎవరి ఆకలీ గుర్తుకు రాదు. పనీర్ బిర్యానీ సంగతీ అంతే. శుక్రవారం వంట మామూలు రోజు కంటే తేలికగా, తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో అయిపోవాలి. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు చాలు. మిగిలిన డబ్బు ఎటు పోవాలో తర్వాత చెబుతాను.

2027లో రంజాన్ నెల కూడా దాదాపు ఇవే రోజుల్లో వస్తోంది. సాయంత్రమైతే హైదరాబాద్ వీధులన్నీ హలీం వాసనే. హలీం మాంసంతో చేసేదే కనుక శుక్రవారం పనికిరాదు. ముస్లిం మిత్రులు ఇఫ్తార్‌కు పిలిస్తే శుక్రవారం కాక ఇంకో రోజు వస్తానని ముందే చెప్పండి. శుక్రవారమే వెళ్లాల్సి వస్తే ఖర్జూరం, పండ్లు తీసుకోండి. ఉపవాసం అంటే ఏమిటో వాళ్లకు వివరించే పని ఉండదు, మీ నియమాన్ని మీకంటే ఎక్కువగా వాళ్లే గౌరవిస్తారు.

ఇక ఒంటి సంగతి. భస్మ బుధవారం మధ్యాహ్నానికి తలపోటుతో పడుకునేవాళ్లు ఎంతోమంది. ఉపవాసం పడలేదని అనుకుంటారు. చాలాసార్లు అది అన్నం మానినందుకు కాదు, చాయ్ మానినందుకు. రోజుకు నాలుగైదు కప్పులు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. అది కొందరిలో వారం దాకా సాగుతుంది. చాయ్ మానాలనుకుంటే ఫిబ్రవరి మొదటి తేదీ నుంచే రెండు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు జనవరిలోనే డాక్టరును కలవాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ భోజనం తగ్గిస్తే చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. చెమటలు పట్టినా, చేతులు వణికినా, మీటరులో 70 కంటే తక్కువ చూపించినా ఉపవాసం అక్కడితో ఆపేయాలి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఈ స్థితిలో "ప్రభువే చూసుకుంటాడు" అని పట్టుబట్టడం విశ్వాసం కాదు. వాళ్లు అన్నానికి బదులు మాట తగ్గించుకోవచ్చు, టీవీ తగ్గించుకోవచ్చు.

సాయంత్రం ఉపవాసం విడిచే తీరు కూడా ముఖ్యం. యేసు సిలువ మోసిన దారిని ఘట్టాలవారీగా ధ్యానించే సిలువ మార్గం ప్రార్థన ముగిసి గుడి బయటకు రాగానే మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగితే రాత్రంతా కడుపులో మంటే. ముందు ఒక గ్లాసు మజ్జిగ, పావుగంట తర్వాత జావ తీసుకోవాలి. నలుగురికి అరకప్పు రాగిపిండి చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న ఐదు గ్లాసుల నీళ్లలో పోసి సన్నటి సెగ మీద ఎనిమిది పది నిమిషాలు కలుపుతూ ఉంటే సరిపోతుంది. వేడి నీళ్లలోనే పిండి వేస్తే ఉండ కడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

బూడిద తయారుచేసే ఉపదేశులకు (గుడిలో మతబోధ చేసేవాళ్లకు), యువకులకు ఒక మాట. నిరుటి మట్టల ఆదివారం, అంటే ఈస్టర్‌కు ముందు ఆదివారం, ఇళ్లకు తీసుకెళ్లి పటాల వెనక దోపుకున్న మట్టలే ఈ బూడిదకు మూలం. ఫిబ్రవరి 7 ఆదివారానికల్లా వాటిని గుడికి తెమ్మని అంతకు ముందు ఆదివారమే ప్రకటించాలి. తెచ్చినవాటికి రిబ్బన్లు, ప్లాస్టిక్ దారాలు, స్టేప్లర్ పిన్నులు ఉంటాయి. ఒక్కొక్కటీ చూసి తీసేయకపోతే ప్లాస్టిక్ కరిగి బూడిద జిగటగా, కంపుగా తయారవుతుంది. కొబ్బరాకు పైకి ఎండినట్టే కనిపించినా ఈనె దగ్గర పచ్చి మిగులుతుంది, ఒక రోజు ఎండలో పెట్టాలి. ఇనుప బాండీలో, ఆరుబయట, కొద్దికొద్దిగా కాల్చాలి. పూర్తిగా తెల్లబడేదాకా కాలిస్తే బూడిద తేలికైపోయి నుదుట నిలవదు. నల్లగా బొగ్గులా ఉన్నప్పుడే మూతపెట్టి ఆర్పేసి, చల్లారాక రోట్లో నూరి, పలచటి బట్టలో జల్లించాలి. ఈనె ముక్క ఒక్కటి మిగిలినా నుదుట గీరుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు నీళ్లు కలపడం. బూడిదలో నీళ్లు పడితే క్షారం ఊరుతుంది. మన అమ్మమ్మలు గిన్నెలు తోమడానికి బూడిద వాడింది ఆ గుణం వల్లే. అదే తడి బూడిద పసిపిల్లల నుదుట గంటసేపు ఉంటే చర్మం ఎర్రగా కమిలిపోతుంది, బొబ్బలు కూడా లేస్తాయి. పొడిగానే పెట్టండి, లేదా రెండు మూడు చుక్కల నూనెతో తడపండి. వందల మందికి కూడా కొన్ని చెంచాల బూడిద చాలు. సీఎస్ఐ, మెథడిస్టు గుడుల్లో ఆ రోజు ఆరాధన ఉన్నా బూడిద పెట్టడం అన్నిచోట్లా ఉండదు. బూడిద పెట్టుకోనంత మాత్రాన ఆ కాలం మొదలు కాలేదని ఎవరూ అనుకోనక్కర్లేదు.

వాక్యపఠనానికి చాలామంది పెద్ద పెద్ద ప్రణాళికలు వేసుకుని రెండో వారానికే చతికిలబడతారు. బైబిల్లో యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో 89 అధ్యాయాలున్నాయి. వాటిని నలభై రోజుల్లో ముగించాలంటే రోజుకు రెండు దాటాలి, ఉద్యోగస్తులకు అది సాగదు. ఇంతకంటే తేలికైన లెక్క ఒకటుంది. మార్కు సువార్తలో 16 అధ్యాయాలు, లూకాలో 24, కలిపితే 40. ఆదివారాలు వదిలి రోజుకు ఒక్క అధ్యాయం, పైకి వినబడేలా చదివితే పది నిమిషాలు. భస్మ బుధవారం మార్కు మొదటి అధ్యాయంతో మొదలుపెట్టండి. ఆ శనివారానికి నాలుగు అవుతాయి, తర్వాత వారానికి ఆరు చొప్పున సాగితే ఫిబ్రవరి 27కు మార్కు పూర్తవుతుంది. మార్చి 1 సోమవారం లూకా మొదలవుతుంది. ఇక్కడ ఒక అందం ఉంది. ఇదే వరుసలో వెళితే పవిత్ర వారం (ఈస్టర్‌కు ముందు వారం) సోమవారానికి లూకా 19, అంటే యేసు గాడిదపిల్ల మీద యెరూషలేము చేరే అధ్యాయం వస్తుంది. పవిత్ర గురువారానికి 22, కడరాత్రి భోజనం. గుడ్ ఫ్రైడేకి 23, సిలువ. ఏ సంవత్సరమైనా ఈ లెక్క ఇలాగే కుదురుతుంది.

లూకా మొదటి అధ్యాయంలో 80 వచనాలున్నాయి, ఆ రోజు మాత్రం పావుగంట పైన కేటాయించుకోవాలి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు చదవొద్దు. అది మూడవుతుంది, తర్వాత పుస్తకం మూతపడుతుంది. తప్పినదాన్ని ఆదివారం చదవండి, వారంలో రెండు తప్పితే ఒకటి వదిలేసి ఆ రోజు అధ్యాయానికే వెళ్లండి. వారానికొక కీర్తన కూడా కావాలనుకునేవారికి ఏడు పశ్చాత్తాప కీర్తనలున్నాయి: 6, 32, 38, 51, 102, 130, 143. భస్మ బుధవారపు సగం వారంతో కలిపి తపస్సుకాలానికి వారాలు ఏడే. నాలుగో వారానికి 51వ కీర్తన పడుతుంది, దాన్ని ఆ వారమంతా కంఠతా పట్టడానికి వాడుకోండి.

దానం ఉపవాసంతో కట్టి ఉండాలి. లేకపోతే ఉపవాసం పథ్యమైపోతుంది. మన తెలుగు సంఘాల్లో స్త్రీలు తరతరాలుగా పాటిస్తున్న పిడికెడు బియ్యం పద్ధతి కంటే మంచిది నాకు కనిపించదు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పిడికిట్లో 40 గ్రాములు పడతాయనుకుంటే రెండు పూటలకు 80, నలభై రోజులకు 3 కిలోల 200 గ్రాములు. కొలత పోసిన బియ్యంలోంచే తీయాలి, అదనంగా కొలిచి తీస్తే ఇంట్లో ఎవరి కంచంలోనూ ఏమీ తగ్గదు. డబ్బాలో నాలుగు ఎండు వేపాకులు వేసినా సరే, ఈస్టర్ దాకా దాచొద్దు, పురుగు పడుతుంది. ప్రతి శనివారం ఇచ్చేయండి. శుక్రవారం మిగిలిన మాంసం డబ్బు కూడా ఆ రోజే కవరులో పెట్టాలి. నెలాఖరున లెక్క చూద్దామనుకుంటే అది ఖర్చయిపోయి ఉంటుంది. గాంధీ, ఉస్మానియా, నీలోఫర్ ఆసుపత్రుల బయట రోగుల బంధువులు చెట్ల కింద పడుకుంటారు. వాళ్లకు ఏం కావాలో అడిగి ఇవ్వండి. అందరూ ఆదివారం పులిహోర పొట్లాలే తెస్తారు. వాళ్లకు కావలసింది మంగళవారం రాత్రి ఒక దుప్పటో, బస్సు ఛార్జీలో కావచ్చు. ఇచ్చేటప్పుడు ఫొటో తీయొద్దని మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. భస్మ బుధవారం నాడు గుడిలో చదివే మత్తయి ఆరో అధ్యాయం చెప్పేది అదే. దాన్ని విని వచ్చి సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్ పెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పాపసంకీర్తనానికి, అంటే గురువుల (ఫాదర్ల) దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, పవిత్ర వారం దాకా ఆగకండి. ఆ రోజుల్లో వరుస గుడి బయటిదాకా ఉంటుంది, గురువులు ఒక్కొక్కరికి రెండు నిమిషాలైనా ఇవ్వలేరు. మార్చి రెండో వారంలో వెళితే నిదానంగా మాట్లాడవచ్చు. ముందు రాత్రి పది ఆజ్ఞలు ఒక్కొక్కటే ముందు పెట్టుకుని కాగితం మీద రాసుకోండి, పని అయ్యాక చింపేయండి. "అందరూ చేసేవే ఫాదర్" అనడం, అత్తగారి తప్పులో భర్త తప్పులో చెప్పి రావడం ఎక్కువగా జరిగే పొరపాట్లు. పెద్ద పాపమైతే ఏమిటో, ఎన్నిసార్లో చెప్పాలి, కథ అక్కర్లేదు.

అంతకంటే కష్టమైనది ఇంకొకటి ఉంది, ఇది అన్ని సంఘాలవారికీ చెందుతుంది. ఇంటి స్థలం వాటాల దగ్గర మాటలు పోయిన అన్నదమ్ములు, పెళ్లిలో మర్యాద తగ్గిందని ఏళ్లతరబడి గడప తొక్కని అక్కచెల్లెళ్లు మన గుడుల్లో ఒకే వరుసలో కూర్చుని ప్రభువు బల్ల దగ్గరకు, రొట్టె ద్రాక్షారసాలు అందుకోవడానికి, వస్తారు. సహోదరునితో సమాధానపడిన తర్వాతే అర్పణ పట్టుకు రమ్మని ప్రభువు చెప్పాడు. ఈ పని ఫోన్లో జరగదు, మెసేజీలో అసలే జరగదు. పండగ రోజు వెళితే నలుగురిలో ముఖమాటానికి నవ్వుకుని ఊరుకుంటారు. తపస్సుకాలం నడిమధ్య, మామూలు రోజు సాయంత్రం, చేతిలో పళ్లో పలహారమో లేకుండా వెళ్లండి. "తప్పు నాది" అన్న తర్వాత "కానీ" అనొద్దు. ఆ ఒక్క మాట వెనక నుంచి పాత తగువంతా మళ్లీ లోపలికి వచ్చేస్తుంది. ఆస్తి లెక్క ఆ రోజు ఎత్తకండి. అవతలివారు తలుపు తీయకపోతే మళ్లీ వారం వెళ్లండి. నలభై రోజులు ఇచ్చింది ఇందుకు కూడా.

మీ పత్రికకు రెండు విన్నపాలు. గుడ్ ఫ్రైడే నాడు "శుభాకాంక్షలు" అని వేయకండి. అది ప్రభువు మరణదినం. పన్నెండు నుంచి మూడు వరకు సిలువ మీది ఏడు మాటలు ధ్యానించి కన్నీళ్లతో బయటికి వచ్చే రోజు. శుభాకాంక్షలు ఆదివారం చెప్పండి, సంతోషంగా అందుకుంటాం. రెండోది, నగరంలోని గుడుల్లో శుక్రవారాల సిలువ మార్గం వేళలు, తెలుగు ఆరాధన వేళలు ఫిబ్రవరి మొదటి వారంలోనే ఒకచోట అచ్చువేస్తే ఉద్యోగస్తులు దగ్గరలోని గుడికి చేరుకోగలుగుతారు.

సమాధుల సంగతి రాసి ముగిస్తాను. ఈస్టర్ వేకువన నారాయణగూడ, భోయిగూడ సమాధుల తోటలకు కొవ్వొత్తులతో వెళ్లే కుటుంబాలు సున్నం వేసే పని శనివారం మధ్యాహ్నం లోపే ముగించుకోవాలి. సాయంత్రం వేస్తే తెల్లారేసరికి తడి ఆరక బట్టలకు అంటుకుంటుంది. మార్చి చివర తెల్లవారుజామున గాలి ఉంటుంది, కొవ్వొత్తికి గాజు చిమ్నీ గానీ, అడుగు తీసేసిన ప్లాస్టిక్ గ్లాసు గానీ అడ్డం పెట్టుకోండి. శనివారం వంతు లూకా 24వ అధ్యాయాన్ని చదవకుండా అట్టిపెట్టి, ఆ చీకట్లో సమాధి పక్కన ఆ వెలుగులోనే పైకి చదవండి. స్త్రీలు వేకువనే సమాధి దగ్గరకు వచ్చే మాటతోనే ఆ అధ్యాయం మొదలవుతుంది.

ఇట్లు,
ఒక విచారణ (పారిష్) ఉపదేశి,
సికింద్రాబాద్